ట్రాపికానా ఫీల్డ్: అతుకులేసి వాడుకోవాలా, కూల్చి కొత్తది కట్టాలా?

టాంపా_గోదారి
2024 అక్టోబర్ 9 రాత్రి మిల్టన్ తుపానుకి ఫ్లోరిడాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని ట్రాపికానా ఫీల్డ్ బేస్‌బాల్ స్టేడియం పైకప్పు పేలికలైపోయిన వీడియోలు అందరూ చూసే ఉంటారు. 24 గుడ్డ పలకల్లో 18 పోయాయి. బాగుచేయడానికి 55.7 మిలియన్ డాలర్లవుతుందని అప్పట్లో లెక్క తేల్చారు. 2025లో కొత్త గుడ్డ ఎక్కించారు, 2026 సీజన్‌కి టాంపా బే రేస్ బేస్‌బాల్ జట్టు మళ్ళీ అక్కడికే అన్నారు.

1990లో తెరిచిన డోమ్ (గుమ్మటం లాంటి కప్పున్న స్టేడియం) ఇది. జట్టు లీజు చూస్తే 2028 వరకే. మూడు సీజన్ల కోసం ఇంత డబ్బా అని ఒక పక్క అనిపిస్తుంది. ఇంకో పక్క, మా వాడు నడక నేర్చింది ఆ కాంక్రీట్ వరండాల్లోనే, ఇప్పుడు వాడికి తొమ్మిదేళ్ళు. "చిరిగిన గొడుక్కి గుడ్డ వేయించే బదులు కొత్త గొడుగు కొనుక్కోవచ్చుగా" అని మా ఆవిడ రోజూ అంటోంది.

వేరే ఊళ్ళల్లో బాల్‌పార్కులు (బేస్‌బాల్ స్టేడియాలు) చూసినవాళ్ళు చెప్పండి. ఏది బాగుంది, ఎందుకు బాగుంది? ఈ పాత డోమ్‌ని ఏం చేస్తే బాగుపడుతుంది? "కూల్చెయ్" అనేవాళ్ళు దయచేసి కారణం కూడా రాయండి.

డల్లాస్_పెసరట్టు
కూల్చెయ్.
కారణం: లోపలికి వెళ్ళి చూశాను.

ఉప్పల్_ఎండ
అసలు ఆటకి పైకప్పు ఎందుకన్నా? వాన పడితే కవర్లు కప్పుతారు, మనం సమోసాలు తింటాం, ఆగాక మళ్ళీ ఆడతారు. ఇన్నేళ్ళు మనం చూసింది అట్లనే కదా.

టాంపా_గోదారి
ఫ్లోరిడాలో జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఎన్ని సమోసాలు తింటావు తమ్ముడూ? మధ్యాహ్నం మూడయ్యిందంటే ఉరుములే. 2025లో డోమ్ లేక జట్టు టాంపాలో న్యూయార్క్ యాంకీస్ వాళ్ళు సీజన్‌కి ముందు వసంతకాలంలో సాధన చేసే మైదానం స్టైన్‌బ్రెనర్ ఫీల్డ్‌లో ఆడింది. అందులో పట్టేది సుమారు 11,000 మంది. వానలకి భయపడి షెడ్యూలే మార్చారు, మొదటి 22 ఆటల్లో 19 సొంతూళ్ళోనే పెట్టారు. ఎండలు ముదిరేసరికి బయట ఊళ్ళు తిరిగేలాగ. ఆషాఢం రాకముందే పెళ్ళిళ్ళన్నీ కానిచ్చేసినట్టు.

సివిల్_సుబ్బు
కూల్చేముందు అది ఇన్నాళ్ళు ఎలా నిలబడిందో చూద్దాం. ఇలాంటి పైకప్పులతో నాకు కొంచెం పని అనుభవం ఉంది కాబట్టి పొడుగ్గా రాస్తున్నా, ఓపిక లేనివాళ్ళు దాటేయండి.

లోపల ఒక్క స్తంభం ఉండదు. చుట్టూ ఒక పెద్ద వలయం, దాన్నుంచి మధ్యకి లాగిన ఉక్కు కేబుళ్ళు, వాటి మధ్య నిలువు కడ్డీలు, పైన టెఫ్లాన్ పూసిన ఫైబర్‌గ్లాస్ గుడ్డ. సైకిల్ చక్రాన్ని పడుకోబెట్టి ఊహించుకోండి. పుల్లలన్నీ బిగువుగా లాగి ఉంటేనే చక్రం నిలుస్తుంది. డేవిడ్ గైగర్ అనే ఇంజనీరు పద్ధతి ఇది.

ఇంకో తెలివి ఏమిటంటే మొత్తం టోపీని ఏటవాలుగా పెట్టారు, 6.5 డిగ్రీలు. రెండో బేస్ మీద 225 అడుగుల ఎత్తుంటే సెంటర్‌ఫీల్డ్ గోడ (బ్యాటర్‌కి ఎదురుగా దూరాన ఉండే గోడ) దగ్గరికొచ్చేసరికి 85 అడుగులే. బంతి నిట్టనిలువుగా లేచేది బ్యాటర్ ఉన్న వైపే కదా, ఎత్తు అక్కడ ఉంచి దూరంగా తగ్గించారు. లోపల చల్లబరచాల్సిన గాలి తగ్గింది, ఏసీ ఖర్చు కూడా తగ్గింది.

గంటకి 115 మైళ్ళ గాలికి తట్టుకునేలా కట్టారంటారు. ఆ రాత్రి గుడ్డ పోయింది గానీ అస్థిపంజరం నిలబడింది. నన్నడిగితే అసలు దెబ్బ ఆ తర్వాతిది. లోపలున్న స్పీకర్లు, వైర్లు, లిఫ్టులు, కార్పెట్లు, అన్నీ "ఇక్కడ వాన పడదు" అన్న ధైర్యంతో పెట్టినవి. మన ఇంటి హాల్లో కప్పు లేచిపోతే సోఫా, టీవీ ఏమవుతాయి? అదే ఇక్కడ స్టేడియమంత సైజులో జరిగింది.

కాబట్టి గోదారి గారి ఆవిడ గొడుగు పోలిక సగమే సరి. చువ్వలు బాగున్న గొడుక్కి గుడ్డ మార్చడం పిచ్చిపని కాదు.

టాంపా_గోదారి
మా ఆవిడకి చదివి వినిపించా. "చువ్వలు బాగున్నాయి సరే, ఆ గొడుగు ఉన్న చోటు సంగతేంటి" అంది. ఆ మాటలో విషయం ఉంది, తర్వాత వస్తా.

క్రికెట్_పిచ్చోడు
బంతి పైకప్పుకి తగిలితే ఏం చేస్తారు? 2023 జనవరిలో మెల్‌బోర్న్ బిగ్ బాష్ ఆటలో జో క్లార్క్, బో వెబ్‌స్టర్ కొట్టిన బంతులు కప్పుకి తగిలితే రెండూ సిక్సర్లిచ్చారు. నిట్టనిలువుగా లేచి క్యాచ్ కావాల్సినవి!

సివిల్_సుబ్బు
ట్రాప్‌లో (ట్రాపికానాని అలాగే పిలుస్తారు) ఇది ఇంకా పెద్ద పురాణం. పైన నాలుగు వలయాలుగా నడకదారులు వేలాడుతుంటాయి, లైట్లు, స్పీకర్లు వాటికే. పైనుంచి కిందికి ఏ, బీ, సీ, డీ. ఫెయిర్ హద్దులో (షాట్ చెల్లే గీతల మధ్య) సీ, డీలకి తగిలితే హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది. ఏ, బీలకి తగిలితే ఆట సాగుతూనే ఉంటుంది, పడేటప్పుడు పట్టుకుంటే అవుట్. 2010లో మిన్నెసోటా ట్విన్స్ ఆటగాడు జేసన్ క్యూబెల్ కొట్టిన మామూలు పాప్-అప్ (నిట్టనిలువుగా లేచే తేలిక క్యాచ్) పైన తగిలి ఇన్‌ఫీల్డ్‌లో రాలిపడింది, దాని మీదే ట్విన్స్‌కి ఆధిక్యం ఇచ్చిన పరుగొచ్చింది.

డల్లాస్_పెసరట్టు
ఫీల్డర్ బంతి కోసం పైకి చూస్తే నడకదారి, తెల్ల గుడ్డ, మళ్ళీ నడకదారి. బంతీ తెలుపే. దీన్ని ఎవరైనా "తెలివి" అంటే నేను పెసరట్టు తినడం మానేస్తా.

మిన్నెసోటా_మంచు
తెల్ల కప్పు గురించి మాట్లాడే హక్కు మా ఊరిది. మెట్రోడోమ్, 1982. అది కేబుళ్ళ మీద కాదు, గాలి మీద నిలబడేది. ఫ్యాన్లు లోపలికి గాలి ఊదుతూ ఉండాలి, ఆపితే కప్పు కిందికి దిగుతుంది. అందుకే తిరిగే తలుపులు. మామూలు తలుపు తెరిచారంటే బయటికి వెళ్ళేవాణ్ణి గాలి తోసేసేది. అత్తారింటి నుంచి కొత్తల్లుణ్ణి పంపించినట్టు కాదు, అద్దె కట్టనివాణ్ణి పంపించినట్టు.

2010 డిసెంబర్ 12న మంచు బరువుకి గుడ్డ చిరిగి, లోపలికి మంచు జలపాతంలా పడింది. లోపలున్న కెమెరాలు అంతా పట్టాయి. అదృష్టం, ఎవరూ లేరు. బేస్‌బాల్ జట్టు అప్పటికే ఆ ఏడాదే టార్గెట్ ఫీల్డ్‌కి మారిపోయింది, దానికి కప్పే లేదు! ఏప్రిల్‌లో దుప్పటి కప్పుకుని చూస్తాం, జనం సంతోషంగానే ఉన్నారు.

సుబ్బు గారూ, మెట్రోడోమ్ కూడా ఆ గైగర్ గారి చలవే కదా?

సివిల్_సుబ్బు
అవును, ఆ గాలి కప్పూ ఆయనదే. గాలి కప్పుల్లో ఇబ్బందులు చూశాకే కేబుళ్ళ డోమ్ వైపు వచ్చారు. ట్రాప్ ఆ రెండో తరం. అందుకే గుడ్డ పోయినా కప్పు కుప్పకూలలేదు, మీ ఊళ్ళో మాత్రం గాలి పోగానే మొత్తం దిగబడింది.

ఉప్పల్_ఎండ
మంచులో ఆట, తుపానులో ఆట. మీ అందరికంటే మా ఉప్పల్‌ల ఏప్రిల్ మధ్యాహ్నం కూసున్నోడే మొనగాడు.

హ్యూస్టన్_మావయ్య
పిల్లలందరూ ట్రాప్, మెట్రోడోమ్ అంటున్నారు. మూలపురుషుణ్ణి మర్చిపోయారు. ఆస్ట్రోడోమ్, 1965. ప్రపంచంలో బేస్‌బాల్‌కి కట్టిన మొదటి డోమ్. ఎనిమిదో వింత అని పేరు పెట్టుకున్నారు.

నేను ఈ దేశం వచ్చింది 1998లో. మరుసటి ఏడాది అక్కడ మా బేస్‌బాల్ జట్టు ఆస్ట్రోస్‌కి ఆఖరి సీజన్. మా ఆఫీసులో ఒక పెద్దాయన తీసుకెళ్ళి చూపించాడు. ఆట నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. తల పైకెత్తి మూడు గంటలు కప్పే చూశా. తర్వాత ఆయన ఆ కథ చెప్పాడు.

మొదట లోపల నిజమైన గడ్డే వేశారు. వెలుతురు కోసం కప్పంతా పారదర్శకమైన పలకలు, నాలుగున్నర వేలకు పైగా. పగటి ఆటల్లో ఆ మెరుపుకి ఫీల్డర్లకి బంతి కనపడేది కాదు. దాంతో పలకలకి రంగు పూశారు. రంగు పూస్తే గడ్డి చచ్చింది. చచ్చిన గడ్డికి ఆకుపచ్చ రంగు పూసి సీజన్ నెట్టుకొచ్చారు! 1966లో ప్లాస్టిక్ గడ్డి తెచ్చి పరిచారు, దానికి ఆస్ట్రోటర్ఫ్ అని పేరు. ఈరోజు మీ పిల్లలు ఆడుకునే నకిలీ గడ్డికి పేరొచ్చింది అక్కడే. ఒక తప్పు దిద్దబోయి ఇంకోటి, దాన్ని దిద్దబోయి ఇంకోటి.

ఇంకో ముచ్చట. వాన పడినా ఆట ఆగదని కట్టిన డోమ్‌లో 1976 జూన్ 15న వాన వల్లే ఆట రద్దయ్యింది. లోపల పొడిగానే ఉంది, ఊరంతా మునిగింది, జనం రాలేకపోయారు.

క్రికెట్_పిచ్చోడు
మావయ్యా, చచ్చిన గడ్డికి రంగు పూయడం మాత్రం సూపర్. మా కాలేజీలో తనిఖీ వస్తోందంటే ఇదే చేసేవాళ్ళు.

సియాటిల్_సీతాఫలం
నేను డబ్బుల వైపు నుంచి చెప్తాను, ఎవరూ ఎత్తట్లేదు.

మా ఊళ్ళో కింగ్‌డోమ్ ఉండేది, 1976లో తెరిచారు. 1994 జూలైలో ఆటకి కొన్ని గంటల ముందు కప్పు లోపలి పలకలు సీట్ల మీద రాలిపడ్డాయి. గేట్లు అప్పటికింకా తెరవలేదు కాబట్టి ప్రాణాలు దక్కాయి. మరమ్మతులకి కోట్లు పోశారు. 2000 మార్చి 26న డైనమైట్ పెట్టి కూల్చారు. అప్పు మాత్రం 2015 దాకా తీరలేదు. లేని బిల్డింగుకి 15 ఏళ్ళు కట్టుకున్నాం. చచ్చిన గేదెకి వాయిదాలన్నమాట.

కాబట్టి "కూల్చెయ్" అనేవాళ్ళు, కూల్చాక పాత బిల్లు ఎవరిదో కూడా చెప్పాలి. గోదారి గారూ, 2024లో మీ దగ్గర ఒప్పుకున్న కొత్త స్టేడియం 1.3 బిలియన్లు, అందులో నగరం, కౌంటీ కలిపి 600 మిలియన్ల దాకా ప్రజల డబ్బు. 2025 మార్చిలో జట్టే వెనక్కి తగ్గింది. అయితే మంచిదే అయ్యిందంటాను.

డిజైన్ అడిగారు కాబట్టి: ఇప్పటి మా టీ-మొబైల్ పార్క్ 1999లో తెరిచారు. దాని కప్పు మూయదు, కప్పుతుంది అంతే. పక్కలు తెరిచే ఉంటాయి. గొడుగు కింద కూర్చున్నట్టే. వాన మీద పడదు, గాలి ఆడుతుంది, గడ్డి నిజమైనది. రైలు కూత వినపడుతుంది. మీ ఆవిడ కోరిన కొత్త గొడుగు ఇదేనండీ.

డల్లాస్_పెసరట్టు
సియాటిల్ గొడుగు టాంపాలో పెడితే లోపల ఇడ్లీలు ఉడుకుతాయి. ఉష్ణం, తేమ రెండూ ఉన్నచోట మూసి ఏసీ వేయాల్సిందే.

మా ఆర్లింగ్టన్ సంగతి చూడండి. 1994లో కప్పు లేని అందమైన ఇటుకల పార్కు కట్టారు. ఎండకి తట్టుకోలేక 26 సీజన్లకే పక్కనే గ్లోబ్ లైఫ్ ఫీల్డ్ కట్టారు, 2020లో, 1.2 బిలియన్ డాలర్లు. తెరుచుకునే కప్పు. జూలైలో 38 డిగ్రీలున్నా లోపల స్వెట్టర్ వేసుకునేంత చల్లగా ఉంటుంది. 2020లో మీ రేస్ వాళ్ళు వరల్డ్ సిరీస్ (బేస్‌బాల్ ఫైనల్స్) ఆడి ఓడింది కూడా ఇక్కడే, కోవిడ్ వల్ల అన్ని ఆటలూ ఒకేచోట పెట్టారు.

బాల్టిమోర్_బాబాయి
అది పార్కు కాదు, విమానాల షెడ్డు. ఆ మాట అన్నది నేనొక్కణ్ణే కాదు.

బాల్‌పార్కంటే ఊళ్ళో ఉండాలి, ఊరు కనపడాలి. 1992లో మా కామ్డెన్ యార్డ్స్ వచ్చాకే దేశమంతా కళ్ళు తెరిచింది. రైట్‌ఫీల్డ్ వెనక పాత రైల్వే గోదాము ఉంది, వెయ్యి అడుగులకు పైగా పొడవు. వేరేవాళ్ళయితే పడగొట్టేవాళ్ళు. మావాళ్ళు దాన్నే ఆటకి గోడగా చేసుకున్నారు. బయటికి రాగానే వీధి, తిండి, జనం. కప్పు సంగతి తర్వాత, ముందు వీధి.

సివిల్_సుబ్బు
బాబాయ్ గారూ, మీ గోదాముని జూలైలో ఫ్లోరిడా పట్టుకొచ్చి పెట్టండి, వీధిలో ఎవరుంటారో చూద్దాం.

బాల్టిమోర్_బాబాయి
ఉంటారు. ఐస్‌క్రీమ్ బండి దగ్గర.

టొరంటో_ఆవకాయ
అందరూ కూల్చడం, కొత్తది కట్టడం ఈ రెండే మాట్లాడుతున్నారు. మూడో దారి ఉంది, మేం చేసి చూపించాం.

స్కైడోమ్ 1989లో తెరిచారు. మోటార్ల మీద పూర్తిగా తెరుచుకునే కప్పున్న మొదటి స్టేడియం, తెరవడానికి 20 నిమిషాలు. అప్పట్లో 570 మిలియన్ కెనడా డాలర్లు పోశారు. 2004లో రోజర్స్ కంపెనీ దాన్ని 25 మిలియన్లకి కొనుక్కుంది! పాత కారు కూడా అంత పడిపోదు. బేస్‌బాల్, కెనడా ఫుట్‌బాల్ రెండూ ఆడాలని కట్టారు, అదే దాని జబ్బు. కింది అంతస్తు సీట్లు పట్టాల మీద జరిగేవి, కాబట్టి బేస్‌బాల్ చూసేటప్పుడు మొహం ఒకవైపు, పిచర్ (బంతి విసిరేవాడు) ఒకవైపు. ఆట అయ్యేసరికి మెడ పట్టేసేది.

ఫుట్‌బాల్ జట్టు 2016లో వేరేచోటికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత రెండు శీతాకాలాల్లో సుమారు 300 మిలియన్లు పెట్టి మార్చారు. మొదటి ఏడాది, అంటే 2023కి, అవుట్‌ఫీల్డ్ (బ్యాటర్‌కి దూరంగా ఉండే వైపు). పై అంతస్తు సీట్లు పీకేసి నిలబడి కబుర్లు చెప్పుకునే చోట్లు, వంతెనల్లాంటి అరుగులు పెట్టారు. బుల్‌పెన్‌లు (పిచర్లు వార్మప్ చేసే చోట్లు) ఎత్తి, వాటి చుట్టూనే జనం కూర్చునేలా చేశారు. ప్రత్యర్థి పిచర్ వార్మప్ చేస్తుంటే మనవాళ్ళు పక్కనే నిలబడి ఏం తిడతారో అతనికి బాగా వినపడుతుంది. రెండో ఏడాది కింది అంతస్తు మొత్తం కాంక్రీటుతో సహా పగలగొట్టి, ప్రతి సీటూ హోమ్ ప్లేట్ (బ్యాటర్ నిలబడే చోటు) వైపు తిరిగేలా కొత్తగా పోశారు. సీట్లు తగ్గాయి, గోల పెరిగింది. పైకప్పు, బయటి గోడలు అవే.

2025 వరల్డ్ సిరీస్ ఏడో ఆట ఆ మార్చిన బిల్డింగులోనే జరిగింది. నవంబర్ 1, 11 ఇన్నింగ్స్, లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ చేతిలో మావాళ్ళు 5-4తో ఓడారు. అంతకు మించి అడగొద్దు, ఇంకా అన్నం సహించట్లేదు.

టాంపా_గోదారి
ఆవకాయ గారి పోస్ట్ ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించేలా ఉంది. ట్రాప్‌లో బుల్‌పెన్‌లు ఫౌల్ గీతల పక్కనే మైదానంలోనే ఉంటాయి. బంతి వెంట పరిగెత్తే ఫీల్డర్‌కి ఆ మట్టిదిబ్బలు అడ్డం. అవి అవుట్‌ఫీల్డ్‌కి మార్చినా సగం దారిద్ర్యం పోతుంది.

సీట్లు తగ్గించడం మావాళ్ళకీ అలవాటే. 2019లో పై అంతస్తు మూసేశారు, 25,000 పైచిలుకు మిగిలాయి. తమాషా ఏంటంటే 1996లో ఇదే డోమ్‌లో ఐస్ హాకీ ఆటకి 28,183 మంది వచ్చారు. ఫ్లోరిడాలో, హాకీకి!

డల్లాస్_పెసరట్టు
ఏసీ కోసం వచ్చుంటారు.

పీట్_పాతకాపు
నేను ఆ డోమ్‌కి రెండు మైళ్ళలో ఉంటాను. ఒక మాట చెప్పాలి, సరదా మధ్యలో అయినా సరే.

డోమ్ ఖాళీ స్థలంలో కట్టలేదు. అక్కడ గ్యాస్ ప్లాంట్ అనే పేట ఉండేది, నల్లజాతి కుటుంబాలు తరాలుగా బతికిన చోటు. ఇళ్ళు, చర్చిలు, కొట్లు. ఉద్యోగాలు వస్తాయి, ఇళ్ళు వస్తాయి అని చెప్పి ఖాళీ చేయించారు, ఆ తర్వాత అదే చోట స్టేడియం, పార్కింగ్. పైగా కట్టేటప్పుడు జట్టే లేదు. జట్టు వస్తుందన్న ఆశతో కట్టారు. షికాగో వైట్ సాక్స్ వస్తారనుకుంటే రాలేదు, శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ వస్తారనుకుంటే రాలేదు. 1998లో గానీ సొంత జట్టు దిగలేదు. ఎనిమిదేళ్ళు పెళ్ళికొడుకు లేని పెళ్ళిపందిరి.

ఇప్పుడు 86 ఎకరాలు, అందులో ఎక్కువ భాగం తారు పోసిన పార్కింగే. బాబాయ్ గారు "ముందు వీధి" అన్నారే, ఇక్కడ వీధి ఉండేది, తీసేశారు. కప్పుకి ఏ గుడ్డ వేయాలన్న చర్చలో ఆ కుటుంబాలకి ఏం దక్కుతుందన్నది ఎక్కడా కనపడదు.

సియాటిల్_సీతాఫలం
ఈ పోస్ట్ రాసినందుకు థాంక్స్. రాజధాని కోసం, ప్రాజెక్టు కోసం ఊళ్ళు ఖాళీ చేసిన కథలు మనవాళ్ళకి కొత్తేం కాదు. చెప్పే మాటలూ అవే.

సివిల్_సుబ్బు
ఒప్పుకుంటున్నాను. నేను కేబుళ్ళ దగ్గరే ఆగిపోయాను.

టాంపా_గోదారి
పాతకాపు గారు చెప్పింది మా వాడికి కూడా చెప్పాలి. ఇన్నిసార్లు ఆ పార్కింగ్‌లో కారు దిగాం, నేనెప్పుడూ అడగలేదు.

మా ఆవిడ ఎత్తిన చోటు ప్రశ్న కూడా ఇక్కడే కలుస్తుంది. సెయింట్ పీట్ ద్వీపకల్పం కొసన ఉంది. మూడు వైపులా నీళ్ళు. టాంపా నుంచి రావాలంటే సాయంత్రం ఆరింటికి వంతెన మీద బారులు. స్టేడియం చుట్టూ అరగంట దూరంలో ఒక వృత్తం గీస్తే సగం సముద్రంలో పడుతుంది. చేపలు టికెట్లు కొనవు కదా.

క్రికెట్_పిచ్చోడు
ఎందుకు కొనవు? లోపలే ఉన్నాయిగా, జట్టు పేరుకి తగ్గట్టు రే చేపల తొట్టి. సెంటర్‌ఫీల్డ్ పక్కన మంచి సీట్లు.

టాంపా_గోదారి
హహ, అవును! మా వాడికి ఆటకంటే అదే ఇష్టం. చెయ్యి పెట్టి నిమరొచ్చు. 2007లో లూయిస్ గొంజాలెజ్ కొట్టిన హోమ్ రన్ తిన్నగా ఆ తొట్టిలో పడింది.

డల్లాస్_పెసరట్టు
నేను చూసిన ట్రాప్‌లో నాకు నచ్చిన ఒకే ఒక్కటి ఆ తొట్టి. ఇంకోటి లోపలికి వెళ్ళే గుండ్రటి హాలు, బ్రూక్లిన్ పాత ఎబెట్స్ ఫీల్డ్ నమూనాలో కట్టారు. అంతే. రెండు.

జపాన్_జావ
ఆలస్యంగా వచ్చా. ఇక్కడ హొక్కైడోలో 2023లో ఎస్ కాన్ ఫీల్డ్ అనే బేస్‌బాల్ స్టేడియం తెరిచారు. అంతకుముందు జట్టు సప్పొరో డోమ్‌లో ఉండేది, అదీ రెండు ఆటలకి పంచుకున్నదే. కొత్తదానికి తెరుచుకునే కప్పు, అవుట్‌ఫీల్డ్ వెనక నిలువెత్తు అద్దాల గోడ, లోపల నిజమైన గడ్డి. అద్దాల వల్లే గడ్డి బతుకుతోంది. లెఫ్ట్‌ఫీల్డ్ వైపు భవనంలో వేడినీళ్ళ స్నానఘట్టం ఉంది, నీళ్ళలో కూర్చుని ఆట చూడొచ్చు.

ఉప్పల్_ఎండ
నీళ్లల్ల కూసొని ఆట చూసుడా?? ఇదే కరెక్ట్. మా ఉప్పల్‌ల బావి తవ్వించండి.

సివిల్_సుబ్బు
జావ గారి అద్దాల సంగతి ముఖ్యం. తెరుచుకునే కప్పు పెట్టేది గడ్డి కోసమే అంటారు. కానీ ఫీనిక్స్ చేజ్ ఫీల్డ్ 2019లో, మయామీ పార్కు 2020లో గడ్డి తీసేసి నకిలీది పరిచాయి. పెసరట్టు గారి గ్లోబ్ లైఫ్‌లో మొదటి రోజు నుంచే నకిలీ. ఎండ ఊళ్ళో కప్పు ఎప్పుడూ మూసే ఉంటుంది, గడ్డికి వెలుతురు రాదు. వందల మిలియన్లు పోసి మోటార్లు పెట్టి, వాటిని తిప్పేది తక్కువ. టాంపా ప్రాంతానికి తెరుచుకునే కప్పు వద్దు, కదలని కప్పు, పక్కన పెద్ద కిటికీ చాలు. లాస్ వేగస్‌లో అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టుకి కడుతున్నది అలాంటిదే. 33,000 సీట్లు, 2028కి.

డల్లాస్_పెసరట్టు
అది కడుతున్నది ట్రాపికానా హోటల్ పడగొట్టిన స్థలంలో. ఆ హోటల్‌ని పేల్చింది ఎప్పుడో తెలుసా? 2024 అక్టోబర్ 9 తెల్లవారుజామున. అదే రోజు రాత్రి మీ ట్రాపికానా కప్పు ఎగిరింది.

మిన్నెసోటా_మంచు
ఇది అబద్ధం అనుకుని వెతికాను. నిజం. ఒళ్ళు జలదరించింది.

హ్యూస్టన్_మావయ్య
ఆ పేరు పెట్టుకోవద్దని మా జ్యోతిష్యుడైతే ముందే చెప్పేవాడు.

సరే, కూల్చడం గురించి నా అనుభవం. ఆస్ట్రోడోమ్ ఇప్పటికీ నిలబడే ఉంది. ఆట లేదు, జనం లేరు. 2005లో కత్రినా తుపాను బాధితులకి ఆశ్రయమైంది, తర్వాత మూతబడింది. చారిత్రక కట్టడాల జాబితాలో చేర్చారు కాబట్టి తేలిగ్గా కూల్చలేరు, బాగుచేయడానికి డబ్బు లేదు. పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా పాత జమీందారు మేడలా కనపడుతుంది. టొరంటో అమ్మాయి చెప్పింది బాగుంది, కానీ ఆడే జట్టు లోపల ఉన్నప్పుడే ఆ మరమ్మతులు చేయాలి. జట్టు వెళ్ళిపోయాక చేసేదేం లేదు.

టొరంటో_ఆవకాయ
మావయ్యా, నేను అబ్బాయిని. ఆవకాయ పెట్టేది అమ్మాయిలే అనుకున్నారా?

హ్యూస్టన్_మావయ్య
క్షమించు నాయనా. మా ఇంట్లో నేనే పెడతాను, అయినా నోటికి అలా వచ్చేసింది.

క్రికెట్_పిచ్చోడు
పాత పార్కుని ఏం చేయొచ్చో నేను చెప్తా. డల్లాస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీలో చిన్న లీగ్ బేస్‌బాల్ స్టేడియం ఉండేది. దాన్ని క్రికెట్ మైదానం చేశారు. 2024 జూన్ 6న అక్కడే అమెరికా సూపర్ ఓవర్లో పాకిస్తాన్‌ని ఓడించింది. ట్రాప్‌ని కూడా మనకిచ్చేయండి.

సివిల్_సుబ్బు
సెంటర్‌ఫీల్డ్ వైపు 85 అడుగుల కప్పు కింద క్రికెట్టా? ప్రతి లాఫ్టెడ్ షాట్ సిక్సరే.

క్రికెట్_పిచ్చోడు
అందుకే అడుగుతున్నా.

టాంపా_గోదారి
రెండు రోజులుగా ఇంట్లో ఇదే చర్చ. మా తీర్మానం: పెద్దది కట్టాలంటే టాంపా వైపు, నీళ్ళకి దూరంగా. కొత్త యజమానులు కూడా అటే చూస్తున్నారని వార్తలు. అప్పటిదాకా ట్రాప్‌లో బుల్‌పెన్‌లు మార్చి, మూసిన పై అంతస్తు చోట టొరంటో లాంటి అరుగులు వేస్తే చాలు. 1.3 బిలియన్లు అక్కర్లేదు. మా ఆవిడ ఒప్పుకుంది, ఒక షరతు మీద. పార్కింగ్‌లో ఆ పాత పేట గురించి మా వాడికి నేనే నిలబడి చెప్పాలట, బోర్డు చూపించి తప్పించుకోకూడదట.

పీట్_పాతకాపు
వచ్చేటప్పుడు చెప్పండి, నేనూ వస్తాను. మా పక్కింటి పెద్దావిడ పుట్టింది ఆ పేటలోనే. ఆవిడ చెప్తే బాగుంటుంది.

డల్లాస్_పెసరట్టు
ఏప్రిల్‌లో ఆఫీసు పని మీద టాంపా వస్తున్నా. ఒక టికెట్ నాకూ తీసి పెట్టు బ్రదర్.

టాంపా_గోదారి
"కూల్చెయ్" అన్నవాడివి నువ్వే కదా?

డల్లాస్_పెసరట్టు
కూల్చేలోపు ఇంకోసారి చూద్దామని. చేపల తొట్టి పక్కన దొరుకుతుందా?